పుట్టుమచ్చ మీద ఒక నూనె చుక్క: డెర్మోస్కోప్ ల్యాబ్‌కి దారి చూపించిన కథ

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. మీ టెన్త్ సర్టిఫికెట్ ఫోటో ఫోన్‌లో ఎక్కడో ఉండే ఉంటుంది, ఒకసారి తీయండి. అందులో ఐడెంటిఫికేషన్ మార్క్స్ అని ఉంటుంది చూడండి. కుడి చేతి మీద ఒక పుట్టుమచ్చ, మెడ మీద ఒక పుట్టుమచ్చ. మనలో చాలామందికి అదే కథ. స్కూల్లో సార్ వచ్చి "చేతులు చూపించండ్రా" అని వెతికించి మరీ రాయించిన మచ్చలు అవి. ఇంట్లో పెద్దవాళ్లనడిగితే ఏ మచ్చ ఎక్కడుంటే ఏం కలిసొస్తుందో కూడా చెప్తారు.

ఇవాళ మనం మాట్లాడుకునేది కూడా మచ్చ గురించే, కానీ జాతకం గురించి కాదు. ఒక మచ్చ అనుమానంగా ఉందని డాక్టర్ కోసి ల్యాబ్‌కి పంపిస్తారు. నాలుగైదు రోజుల్లో రిపోర్ట్ వస్తుంది. క్యాన్సరా, కాదా? మనందరి నమ్మకం ఏంటంటే, ల్యాబ్ చెప్పిందే ఫైనల్, సుప్రీంకోర్టు తీర్పు లాంటిది. నిజానికి ఆ తీర్పు చెప్పే మనిషికి కూడా ఒక సాక్షి కావాలి. ఆ సాక్షి పేరు డెర్మోస్కోప్. జేబులో పట్టేంత చిన్న పరికరం. దాని వెనక వందేళ్లకి పైగా చరిత్ర ఉంది. ఆ చరిత్రని చాలామంది "కోయకుండానే చూసే పరికరం వచ్చింది" అని చెప్పి వదిలేస్తారు. నాకు మాత్రం అసలు కథ వేరే చోట ఉందనిపిస్తుంది. మచ్చని మనిషి ఒంటి మీద చూసే డాక్టర్, అదే మచ్చని స్లైడ్ మీద చూసే డాక్టర్, ఈ ఇద్దరి మధ్య తెగిపోయిన వైరుని ఇది మళ్లీ కలిపింది. అదీ ఇవాళ్టి పాయింట్.

ముందు భయం తీసేద్దాం. పుట్టుమచ్చల్లో దాదాపు అన్నీ ఏ హానీ చేయనివే. చర్మానికి రంగునిచ్చే కణాలు మెలనోసైట్లు. అవి ఒకచోట గుంపుగా చేరితే పుట్టుమచ్చ. అవే కణాలు అదుపు తప్పి పెరిగితే మెలనోమా అనే క్యాన్సర్. ఈ మెలనోమాలో ప్రాణం మీదకి వచ్చేది వెడల్పు కన్నా లోతు వల్ల. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే అమెరికన్ పాథాలజిస్ట్ దీన్ని కొలిచి చూపించాడు. గడ్డ చర్మంలోకి ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో, దాన్ని బట్టే రోగి భవిష్యత్తు ఉంటుందని. ఇవాళ్టికీ ప్రతి మెలనోమా రిపోర్ట్‌లో ఆ అంకె ఉంటుంది. 1 మిల్లీమీటర్ లోపు ఉండగా దొరికితే పదేళ్ల తర్వాత కూడా బతికుండేవాళ్లు నూటికి 90 మందికి పైనే. లోతు పెరిగేకొద్దీ ఆ లెక్క పడిపోతుంది. అంటే ఒక్క మిల్లీమీటర్ దగ్గర జీవితాలు అటూ ఇటూ అవుతాయి.

మరి ఆ మిల్లీమీటర్‌ని ల్యాబ్‌లో ఎలా చూస్తారు? ఇక్కడే మనకి ఎవరూ చెప్పని విషయం ఒకటుంది.

కోసిన ముక్క ఫార్మలిన్‌లో ల్యాబ్‌కి వస్తుంది. అక్కడ దాన్ని బ్రెడ్ లోఫ్ కోసినట్టు రెండు మూడు మిల్లీమీటర్లకి ఒక ముక్కగా నిలువునా కోస్తారు. ఆ ముక్కల్ని మైనంలో బిగించి, మైక్రోటోమ్ అనే కత్తి మెషిన్‌తో 4 మైక్రాన్ల మందంలో పొరలు తీసి, రంగు వేసి, గాజు పలక మీద పెడతారు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. మచ్చ 10 మిల్లీమీటర్లు, అంటే 10,000 మైక్రాన్లు. ఐదు ముక్కలు చేశారు, ఒక్కోదాంట్లో మూడు పొరలు చూశారు అనుకోండి. 5 ఇంటు 3 ఇంటు 4, మొత్తం 60 మైక్రాన్లు. పదివేలలో అరవై! అంటే నూటికి ఒక్క వంతు కూడా కాదు. మిగతా 99 వంతులకి పైగా మైనంలోనే ఉండిపోయింది.

ఇది ల్యాబ్ తప్పు కాదు. ప్రతి మచ్చనీ వేల పొరలుగా కోసి చూడటం ఎవరివల్లా కాదు. ఇది శాంపిలింగ్, అంతే. ఎక్కడ శాంపిల్ తీశారన్నదే అసలు ప్రశ్న. బోరు వేయించిన ఇంట్లో పెరిగినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. బోరు వేస్తే ఆ ఒక్క చోట భూమి కింద ఏ పొర ఎంత లోతులో ఉందో కచ్చితంగా తెలుస్తుంది. పది అడుగులు పక్కన ఏముందో తెలీదు. స్లైడ్ అంటే బోరు. లోతు చెప్తుంది, కానీ పొలం మొత్తం చూపించదు.

పోనీ, బోరు సరైన చోటే పడింది అనుకుందాం. అప్పుడైనా అందరూ ఒకే మాట చెప్తారా? 1996లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. 37 మచ్చల స్లైడ్లని 8 మంది పేరున్న నిపుణులకి ఇచ్చారు. 38 శాతం కేసుల్లో ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది మిగతావాళ్లతో విభేదించారు. 2017లో ఇంకా పెద్దది, బీఎంజేలో వచ్చింది. 10 రాష్ట్రాల నుంచి 187 మంది పాథాలజిస్టులు, 240 కేసులు. మామూలు మచ్చల దగ్గర 92 శాతం సరిగ్గా చెప్పారు. బాగా ముదిరిన మెలనోమా దగ్గర 72 శాతం. మధ్యలో ఉండే వాటి దగ్గరే చిక్కు. అప్పుడే లోపలికి దిగడం మొదలైన సన్నని మెలనోమా దగ్గర ఆ సంఖ్య 43 శాతానికి పడిపోయింది. కొన్ని నెలల తర్వాత అదే స్లైడ్‌ని అదే మనిషికి మళ్లీ చూపిస్తే, ఒక రకం మచ్చల్లో తన పాత మాటకే కట్టుబడింది 35 శాతం సార్లే.

వీళ్లు చదువుకోని వాళ్లు కాదండి. సమస్య మనుషుల్లో లేదు, వాళ్ల చేతికి అందిన సమాచారంలో ఉంది. నేను ఈ ఛానెల్‌కి ముందు కొన్నేళ్లు కోడ్ రాశాను. టికెట్ వస్తుంది: "యాప్ పనిచేయట్లేదు, దయచేసి చూడగలరు." స్క్రీన్‌షాట్ ఉండదు, ఏ ఫోన్‌లో వచ్చిందో ఉండదు, ఏ బటన్ నొక్కితే వచ్చిందో ఉండదు. ల్యాబ్‌కి వెళ్లే కాగితాల్లో కూడా చాలావాటిలో ఇంతే ఉంటుంది: "నల్ల మచ్చ, వీపు." అంతే. స్క్రీన్‌షాట్ లేని బగ్ రిపోర్ట్.

ఆ స్క్రీన్‌షాట్ ఎలా వచ్చిందో ఇప్పుడు చూద్దాం. అదే మన చరిత్ర.

మీరు బజ్జీలు పొట్లం కట్టించుకుని తెచ్చుకుంటారు కదా. నూనె అంటిన చోట పేపర్ అద్దంలా అయిపోయి అవతలి అక్షరాలు కనబడతాయి. ఎందుకు? పొడి పేపర్‌లో పీచుల మధ్య గాలి ఉంటుంది. వెలుగు ప్రతి పీచు దగ్గరా విరిగి, చెదిరి వెనక్కి వచ్చేస్తుంది. నూనె ఆ ఖాళీలు నింపేస్తే వెలుగు చెదరకుండా లోపలికి వెళ్తుంది. మన చర్మం పైపొర కూడా పొడి పేపర్ లాంటిదే. మీద పడిన వెలుగులో కొంత అక్కడే తళుక్కున వెనక్కి వచ్చేస్తుంది, ఆ మెరుపు వెనక లోపలి సంగతి దాక్కుంటుంది. ఒక చుక్క నూనె వేసి గాజు అదిమితే ఆ మెరుపు పోతుంది, చర్మానికి కిటికీ తెరిచినట్టు అవుతుంది. డెర్మోస్కోపీ మొత్తం ఈ ఒక్క చుక్క మీద నిలబడింది.

మైక్రోస్కోప్‌కి నూనె వాడే పద్ధతిని 1878లో జర్మనీలో ఎర్నెస్ట్ అబ్బె చెప్పాడు. జైస్ కంపెనీ లెన్సుల వెనక ఉన్న శాస్త్రవేత్త ఈయనే. దాన్ని చర్మం మీదకి తెచ్చింది హాంబర్గ్ డాక్టర్ పాల్ గెర్సన్ ఉన్నా, 1893లో. పేరే 'ఉన్నా', మన తెలుగులో ఉన్నాడు అన్నట్టు వినిపిస్తుంది. మీ బాత్రూంలో నివియా క్రీమ్ ఉంటే ఆయన నీడ అందులోనూ ఉంది. 1911లో ఆ క్రీమ్ రావడానికి కారణమైన మనుషుల్ని ఒకరితో ఒకరిని కలిపింది ఆయనే. మన కథకి కావాల్సింది మాత్రం ఇంకోటి. చర్మాన్ని నూనె వేసి పైనుంచి చూడమన్న ఈ మనిషే, ఆ మరుసటి ఏడాది 1894లో, చర్మవ్యాధులు మైక్రోస్కోప్ కింద లోపల ఎలా ఉంటాయో చెప్పే పెద్ద పుస్తకం రాశాడు. అంటే ఆ రోజుల్లో పైచూపు, లోపలి చూపు ఒకే మనిషి దగ్గర ఉండేవి. తనే రోగిని చూసేవాడు, తనే స్లైడ్ చూసేవాడు. వైరు తెగలేదు.

తర్వాత వైద్యం పెరిగింది, పనులు విడిపోయాయి. పాథాలజీ వేరే డిపార్ట్‌మెంట్, వేరే బిల్డింగ్, చాలాసార్లు వేరే ఊరు కూడా. స్లైడ్ చూసే డాక్టర్ ఆ రోగి ముఖం ఎప్పుడూ చూడడు.

పైచూపు మాత్రం నెమ్మదిగా నడిచింది. 1920లో మ్యూనిక్‌లో యోహాన్ సాఫియర్ రెండు కళ్లతో చూసే మైక్రోస్కోప్‌కి లైటు బిగించి వాడాడు. 'డెర్మటోస్కోపీ' అనే పేరు పెట్టింది ఆయనే. కానీ ఆ రోజుల్లో భయం క్యాన్సర్ గురించి కాదు, చర్మానికి వచ్చే క్షయ గురించి, సిఫిలిస్ గురించి. నల్ల మచ్చల వైపు దీన్ని గట్టిగా తిప్పింది అమెరికాలో సిన్సినాటికి చెందిన లియోన్ గోల్డ్‌మన్, 1950ల మొదట్లో. ఈయనే తర్వాత చర్మం మీద లేజర్ వాడకానికి ఆద్యుడయ్యాడు. 1971లో గ్లాస్గోలో రోనా మకై అనే డాక్టరమ్మ, ఆపరేషన్‌కి ముందే ఇలా చూస్తే మంచి మచ్చకీ చెడ్డ మచ్చకీ తేడా పట్టుకోవచ్చని రాసింది. అయినా ప్రపంచం పెద్దగా కదల్లేదు. పరికరాలు టేబుల్ అంత ఉండేవి, ఒక్కో మచ్చకి బోలెడు టైమ్ పట్టేది. అన్నిటికన్నా ముఖ్యం, కనబడుతున్నదానికి అర్థం ఏంటో ఎవరికీ సరిగ్గా తెలీదు. కిటికీ తెరుచుకుంది కానీ బయట కనబడేది ఏ ఊరో తెలీదన్నమాట.

ఆ అర్థం చెప్పే నిఘంటువు 1980ల్లో తయారైంది, ఎక్కువగా ఆస్ట్రియాలో. 1987లో వియన్నాలో పెహంబెర్గర్, స్టైనర్, వోల్ఫ్ అనే ముగ్గురు 'ప్యాటర్న్ అనాలిసిస్' అని ఒక పద్ధతి ప్రచురించారు. అదే ఏడాది గ్రాట్స్‌లో సోయర్ బృందం కూడా మెలనోమాని ముందే పట్టుకోవడం గురించి రాసింది. వీళ్లు చేసిన పని చాలా ఓపికైన పని. మచ్చ మీద పైనుంచి ఒక గీత కనబడింది, ఒక చుక్క కనబడింది, ఒక నీలం నీడ కనబడింది. ఆ మచ్చని కోశాక, స్లైడ్‌లో అదే చోట ఏముందో వెతికారు. పైన కనబడిన ప్రతి గుర్తుకీ కింద ఉన్న కారణాన్ని జతపరుస్తూ వెళ్లారు.

ఆ నిఘంటువులో కొన్ని పేజీలు మీకోసం. రంగు అంటే లోతు. మెలనిన్ అనే నల్ల రంగు చర్మం పైపైన ఉంటే నల్లగా కనబడుతుంది. కొంచెం కింద, రెండు పొరలు కలిసే చోట ఉంటే గోధుమ రంగు. ఇంకా కిందకి దిగితే బూడిద రంగు, ఇంకా లోతుకి వెళ్తే నీలం. అదే రంగు పదార్థం! లోతుకి వెళ్లేకొద్దీ వెలుగు చెదిరి నీలంగా తిరిగొస్తుంది. అంటే కోయకముందే రంగు చూసి లోతు అంచనా కట్టొచ్చు. తర్వాత గళ్లు. చాలా పుట్టుమచ్చల్లో సన్నని వల లాంటి అల్లిక కనబడుతుంది. చర్మం పైపొర కింది పొరలోకి గట్లు గట్లుగా దిగి ఉంటుంది. ఆ గట్ల వెంట ఉన్న రంగే పైనుంచి వలలా కనబడేది. వల సమంగా ఉంటే కింద అంతా పద్ధతిగా ఉన్నట్టు. ఒక మూల తాళ్లు లావెక్కి, కళ్లు తెగి, చిందరవందరగా ఉంటే కింద ఏదో గొడవ జరుగుతున్నట్టు.

ఇక్కడ ఆగి మన బోరు పోలికకి వద్దాం. స్లైడ్ నిలువు కోత, లోతు చూపిస్తుంది. డెర్మోస్కోప్ పైనుంచి తీసిన శాటిలైట్ మ్యాప్, విస్తీర్ణం చూపిస్తుంది. బోరు ఎక్కడ వేయాలో మ్యాప్ చెప్తుంది. మ్యాప్‌లో కనబడింది నిజమా కాదా బోరు చెప్తుంది. ఒకటి ఉంటే ఇంకోటి అక్కర్లేదనడం కుదరదు.

1989లో రెండు పనులు జరిగాయి. మ్యూనిక్‌లో బ్రౌన్-ఫాల్కో, స్టోల్జ్ బృందం చేతిలో పట్టుకునే డెర్మోస్కోప్‌ని తెచ్చింది. పది రెట్లు పెద్దగా చూపే లెన్సు, చిన్న లైటు, అంతే. దాంతో టేబుల్ కాస్తా జేబులోకి వచ్చేసింది. అదే ఏడాది నవంబర్‌లో హాంబర్గ్‌లో నిపుణులు కూర్చుని, కనబడే ప్రతి గుర్తుకీ ఒకే పేరు వాడాలని ఒప్పందానికి వచ్చారు. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ కాదు. ఒకరు 'వల' అంటే ఇంకొకరు 'జాలి' అంటే ఇద్దరి డేటా కలపలేం కదా.

తర్వాత లెక్కలు వచ్చాయి. 1994లో మ్యూనిక్ వాళ్లే ఒక స్కోర్ పెట్టారు. మచ్చ రెండు వైపులా సమంగా ఉందా, అంచు ఎక్కడెక్కడ తెగినట్టు ఆగిపోతోంది, ఎన్ని రంగులు, ఎన్ని రకాల గుర్తులు. వీటికి 1.3, 0.1, 0.5, 0.5 అని తూకాలు. మచ్చ రెండు అక్షాల్లోనూ అసమానం, అంటే 2. అంచు ఐదు చోట్ల తెగింది, రంగులు నాలుగు, గుర్తులు నాలుగు. కూడితే 2.6, 0.5, 2, 2, మొత్తం 7.1. స్కోర్ 5.45 దాటితే మెలనోమా అనుమానం గట్టిగా ఉన్నట్టు. 4.75 లోపు ఉంటే మామూలు మచ్చ. చూడండి, ఇది మెషిన్ లెర్నింగ్ రాకముందు మనుషులు చేత్తో రాసుకున్న క్లాసిఫయర్.

అందరూ కొనేసుకుంటే సమస్య తీరిపోయినట్టేనా? 1995లో వియన్నా నుంచే ఒక చేదు నిజం వచ్చింది. బిండర్ బృందం చూపించింది ఏంటంటే, శిక్షణ తీసుకున్నవాళ్ల చేతిలో డెర్మోస్కోప్ మేలు చేసింది, శిక్షణ లేనివాళ్ల చేతిలో అది కంటితో చూసినదానికన్నా తప్పులు పెంచే ప్రమాదం ఉంది. 2002లో కిట్లర్ బృందం అప్పటిదాకా వచ్చిన 27 పరిశోధనల్ని కలిపి లెక్క కట్టింది. రోగ నిర్ధారణ కచ్చితత్వం 49 శాతం మెరుగైంది, కానీ అది అనుభవం ఉన్నవాళ్లలోనే. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఫోన్‌కి తగిలించుకునే లెన్సులు దొరుకుతున్నాయి. కొనుక్కుని ఇంట్లో అందరి మచ్చలూ చెక్ చేసేద్దాం అనుకునేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి.

ఇక అసలు మలుపు. ఈ పైచూపుని ల్యాబ్ లోపలికి ఎలా తీసుకెళ్లారు?

ఒక పాత ఉదాహరణతో మొదలుపెడతాను. 1948లో న్యూయార్క్‌లో సోఫీ స్పిట్జ్ అనే పాథాలజిస్ట్ 13 మంది పిల్లల మచ్చల గురించి రాసింది. స్లైడ్‌లో చూస్తే భయంకరమైన మెలనోమా లాగే ఉన్నాయి. కానీ ఒక్కరు తప్ప పిల్లలందరూ బాగానే ఉన్నారు. తర్వాతి కాలంలో ఇదో వేరే రకం, చాలావరకు హాని చేయని మచ్చ అని తేలింది. ఇప్పుడు దాన్ని ఆమె పేరుతోనే స్పిట్జ్ నీవస్ అంటారు. ఇందులో పాఠం ఏంటంటే, స్లైడ్ ఒక్కటే చూస్తే రెండూ ఒకలాగే ఉండొచ్చు. మచ్చ ఎవరిది, వయసెంత, ఎక్కడుంది, ఎంత త్వరగా పెరిగింది, పైనుంచి ఎలా కనబడింది, ఇవన్నీ కలిస్తేనే తీర్పు. అలాగని డెర్మోస్కోప్ చూసి స్పిట్జ్ అని తేల్చేసి వదిలేయడం కూడా ప్రమాదమే, మెలనోమా కూడా ఆ వేషం వేయగలదు. అందుకే రెండు చూపులూ కావాలి.

ఈ అవసరం గుర్తించి, 2007లో అంతర్జాతీయ డెర్మోస్కోపీ సొసైటీ తరఫున రిపోర్ట్ ఎలా రాయాలో ఒక నమూనా వచ్చింది. అందులో ఒక అంశం నాకు చాలా నచ్చింది. మచ్చ కోసి పంపేటప్పుడు పాథాలజిస్ట్‌కి ప్రత్యేకంగా చెప్పాల్సిన మాటలు కూడా రాయాలి అని. "వీపు మీద మచ్చ" కాదు, "కుడి అంచున నీలం తెర లాంటిది ఉంది, అక్కడ కోసి చూడండి" అని. బగ్ రిపోర్ట్‌కి స్క్రీన్‌షాట్ తగిలింది.

బెల్జియంలో కొందరు పాథాలజిస్టులు ఇంకో అడుగు వేశారు. 2013లో వాళ్లు ప్రచురించిన పద్ధతి చూస్తే నవ్వొస్తుంది, మరుక్షణం దండం పెట్టాలనిపిస్తుంది. ల్యాబ్‌కి వచ్చిన ముక్కని కోసే ముందు వాళ్లే డెర్మోస్కోప్‌తో చూస్తారు. అనుమానం ఉన్న చోట ఒక చుక్క పెడతారు. దేంతో? నెయిల్ పాలిష్‌తో! అవును, అమ్మాయిలు గోళ్లకి వేసుకునేదే. ఆ రంగు మైనంలో, రసాయనాల్లో కరిగిపోకుండా నిలబడి, చివరికి స్లైడ్ మీద కూడా కనబడుతుంది. మైక్రోస్కోప్‌లో చూసే డాక్టర్‌కి ఆ రంగు కనబడగానే, అనుమానం ఉన్న చోటు ఇదేనని తెలిసిపోతుంది. రంగు దగ్గర ఏమీ కనబడకపోతే ఇంకొన్ని పొరలు కోయమని అడుగుతాడు. 99 వంతులు మైనంలో ఉండిపోతాయన్నాం కదా, ఆ చీకట్లో ఇది ఒక టార్చ్ లైట్. లక్షల రూపాయల మెషిన్ కాదు, ఒక చిన్న సీసా.

ఇదంతా తెల్లవాళ్ల గొడవ, మనకెందుకు అనిపించొచ్చు. నిజమే, మన దేశంలో మెలనోమా అరుదు. మెలనిన్ మనకి గొడుగు పడుతుంది. కానీ ఆ గొడుగు అరికాలికి, గోటి కిందకి రాదు. అక్కడ వచ్చే మెలనోమాకి ఎండతో పెద్దగా సంబంధం లేదు. రంగు చర్మం ఉన్నవాళ్లలో మెలనోమా వచ్చిందంటే అలాంటి చోట్ల వచ్చే వాటా ఎక్కువ. పాటగాడు బాబ్ మార్లే కథ ఇదే. కాలి బొటనవేలి గోటి కింద మెలనోమా ఉందని 1977లో తేలింది. 1981లో 36 ఏళ్లకే చనిపోయాడు.

అరికాలి మీద మచ్చ చదవడం నేర్పింది జపాన్ వాళ్లు, ముఖ్యంగా షిన్షు యూనివర్సిటీకి చెందిన తొషియాకి సైదా. మన వేలిముద్రల్లో లాగే అరికాల్లో కూడా గట్లు, వాటి మధ్య కాలువలు ఉంటాయి. వరి మడి గుర్తు తెచ్చుకోండి. మామూలు పుట్టుమచ్చలో రంగు ఎక్కువగా కాలువల వెంట ఉంటుంది. మెలనోమాలో గట్ల మీద ఉంటుంది. కాలువలో నలుపైతే చాలావరకు నిశ్చింత, గట్టు మీద నలుపైతే డాక్టర్ దగ్గరికి పరుగు. 2004లో జపాన్‌లో చాలా ఆస్పత్రులు కలిసి 712 మచ్చల్ని చూస్తే, గట్టు మీద రంగు అనే ఈ ఒక్క గుర్తు మెలనోమాల్లో 86 శాతాన్ని పట్టుకుంది. మెలనోమా కాని మచ్చల్లో 99 శాతం చోట్ల అది కనబడలేదు.

ఇందులో కూడా ల్యాబ్‌కి ఒక పాఠం ఉంది. అరికాలి ముక్కని గట్లకి అడ్డంగా కోయాలి. అప్పుడే ఒక గట్టు, ఒక కాలువ, మళ్లీ గట్టు వరసగా స్లైడ్‌లో కనబడి, రంగు కణాలు ఎక్కడున్నాయో తెలుస్తుంది. గట్టు వెంట పొడవునా కోశారనుకోండి, ఆ వరస కనబడదు, గుర్తు పోయినట్టే. ఏ దిక్కుకి కోయాలో కూడా పైనుంచి చూసినవాళ్లే చెప్పాలి!

చివరిగా మన ఫీల్డ్ విషయం. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 1,29,450 ఫోటోలతో ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కి శిక్షణ ఇచ్చి, 21 మంది చర్మ డాక్టర్లతో పోటీ పెట్టారు. అది వాళ్లతో సమానంగా నిలిచింది. 2018లో వియన్నా, ఆస్ట్రేలియా డాక్టర్లు 10,015 డెర్మోస్కోప్ ఫోటోల డేటాసెట్‌ని ఎవరైనా వాడుకునేలా బయటపెట్టారు. మీలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌కి దాన్ని డౌన్‌లోడ్ చేసినవాళ్లు ఉండే ఉంటారు. 95 శాతం యాక్యురసీ అని స్లైడ్ పెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఆ లేబుల్ ఎక్కడి నుంచి వచ్చింది? సగానికి పైగా ఫోటోలకి లేబుల్ ల్యాబ్ రిపోర్ట్ నుంచే వచ్చింది. అదే ల్యాబ్, అదే స్లైడ్, నిపుణులు కూడా వాదించుకునే అదే తీర్పు. గ్రౌండ్ ట్రూత్ అని మనం పేరు పెట్టుకున్నాం కానీ, ఆ గ్రౌండ్ కింద నూటికి ఒక వంతే తవ్వి చూశారు. పైగా ఇలాంటి ఫోటోల్లో ఎక్కువ భాగం తెల్ల చర్మానివి. మన అరికాళ్లు అందులో ఎన్ని ఉన్నాయి? మోడల్ కట్టేవాళ్లకి ఇది బాధ్యత, కేవలం టెక్నికల్ పాయింట్ కాదు.

సరే, మీకూ నాకూ ఇందులో పనికొచ్చేది ఏంటి? అరికాల్లోనో అరచేతిలోనో కొత్తగా వచ్చి పెరుగుతున్న నల్ల మచ్చ, గోటిలో వచ్చి రోజురోజుకీ వెడల్పవుతున్న నల్ల చార, ఒంటి మీద మిగతా మచ్చలకి భిన్నంగా రంగు, ఆకారం మారుతున్న మచ్చ, మానకుండా రక్తం వస్తున్న మచ్చ, ఇలాంటివి ఉంటే చర్మ డాక్టర్‌కి చూపించండి. చెప్పులు కరిచాయనో, దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టిందనో నెలల తరబడి వదిలేయొద్దు. అమ్మానాన్నల పాదాలు కూడా ఒకసారి చూడండి, వాళ్లు మనకి చెప్పరు. బ్యూటీ పార్లర్‌లోనో, ఎవరో చెప్పారనో మచ్చని కాల్పించుకోవద్దు. కాల్చేస్తే ల్యాబ్‌కి పంపడానికి ఏమీ మిగలదు.

ఒకవేళ డాక్టర్ బయాప్సీ చేయాలంటే భయపడకుండా రెండు మాటలు అడగండి. "కోసే ముందు డెర్మోస్కోప్ ఫోటో తీస్తారా డాక్టర్ గారూ? ఆ ఫోటో ల్యాబ్‌కి కూడా పంపుతారా?" ఇది డాక్టర్‌ని పరీక్షించడం కాదు. ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోని ఇద్దరు డాక్టర్ల మధ్య మీ మచ్చ గురించి మాట కలపడం. ఒకప్పుడు ఉన్నా లాంటివాళ్ల దగ్గర ఆ రెండు చూపులూ ఒకే తలలో ఉండేవి. ఇప్పుడు రెండు తలల్లో ఉన్నాయి కాబట్టి, మధ్యలో ఒక ఫోటో ప్రయాణం చేయాలి. అది చేస్తే ఆ ఒక్క మిల్లీమీటర్‌ని సకాలంలో పట్టుకునే అవకాశం పెరుగుతుంది.

ఇవాళ్టికి ఇంతే. ఈ ఎపిసోడ్ ఎవరికైనా ఉపయోగపడుతుందనుకుంటే ఫ్యామిలీ గ్రూప్‌లో పంపండి. మెడిసిన్ చదువుతున్న ఫ్రెండ్ ఉంటే నెయిల్ పాలిష్ సంగతి ప్రత్యేకంగా చెప్పండి.